స్విఫ్ట్ కాయిలోవర్ డైరీ: 64 కిలోల తేడా ఎక్కడ దాక్కుంది

కారు రెండో తరం మారుతీ స్విఫ్ట్, పెట్రోలు, 14 అంగుళాల చక్రాలు, 165/80 టైర్లు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేదీ ఇదే, నెలకోసారి మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కేదీ ఇదే. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ ఒకటిగా), వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం). వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు. కాయిలోవర్ కిట్, అంటే మర తిప్పి కారు ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాక్ సెట్, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. కొన్న కథ వదిలేస్తాను. ఇదే పని చేయబోయేవాళ్లకు పనికొచ్చేది కొలతలూ, తప్పులూ.

పాత షాకులు విప్పకముందే ఒక పని చేశాను, అదే తర్వాత నన్ను కాపాడింది. డ్రైవరు బరువు సీట్లో పెట్టి, కారును చదునైన చోట నాలుగు చక్రాల కిందా తూచి రాసుకున్నాను. ఒక పాత ఇనుము దుకాణంలో సిమెంటు గచ్చు మీద, వాళ్ల కాటాతోనే.

కంపెనీ సస్పెన్షన్‌తో:
ముందు-ఎడమ 312, ముందు-కుడి 322
వెనక-ఎడమ 192, వెనక-కుడి 214
మొత్తం 1,040 కిలోలు

ఎత్తు కూడా కొలిచాను. నేల నుంచి కాదు, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా. అప్పుడు టైరు అరుగుదల, గాలి లెక్కలోకి రావు. ముందు 377, 374 మి.మీ.; వెనక 381, 378 మి.మీ.

దశ 1: బిగించాం, దించాం, పాడుచేశాం

మెకానిక్ అన్న గ్యారేజీలో ఒక ఆదివారం. ముందు స్ట్రట్లు రెండున్నర గంటల్లో ఎక్కాయి. 35 మి.మీ. దించాలని నేనే చెప్పాను. అన్న స్ప్రింగు కింద ఉండే రింగును కిందికి తిప్పి 25 మి.మీ. దించాడు, మిగతా 10 కింది బ్రాకెట్ దగ్గర. తప్పంతా ఆ 25లో ఉంది.

మా కిట్‌లో ఎత్తు మార్చడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి స్ప్రింగు కూర్చునే రింగు. రెండోది షాక్ ఒంటిని నకిల్‌కు (చక్రాన్ని పట్టి ఉంచే ముక్క) కట్టే కింది బ్రాకెట్. బ్రాకెట్ తిప్పితే కారు దిగుతుంది కానీ లోపలి రాడ్డు కదలిక అంతే ఉంటుంది. స్ప్రింగు రింగు దించితే రాడ్డు ముందే లోపలికి జారిపోతుంది, గుంతకు మిగిలే చోటు తగ్గిపోతుంది.

లెక్క ఇలా వచ్చింది. రాడ్డు మొత్తం కదలిక, చేత్తో లాగి కొలిస్తే, 130 మి.మీ. కదలిక చివర దెబ్బ ఆపే బంప్ రబ్బరు 35. ముందు ఒక్కో స్ప్రింగు మీద పడే బరువు సుమారు 288 కిలోలు. స్ప్రింగు మీద అచ్చేసిన గట్టిదనం మి.మీ.కు 5 కిలోలు, అంటే కారు దిగగానే స్ప్రింగు దాదాపు 58 మి.మీ. నలుగుతుంది. 130లోంచి 58, 35 తీసేస్తే 37 మిగలాలి. రింగు 25 దించాం కాబట్టి మిగిలింది 12.

రాడ్డు ఎంత లోపలికి వెళ్లిందో తెలియడానికి దానికి ఒక జిప్ టై కట్టి కాలనీ చుట్టూ ఒక్క రౌండు వేశాను. జిప్ టై రబ్బరును తాకే ఉంది. మా వీధి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 13 సెం.మీ., వెడల్పు అడుగున్నర కూడా లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం అయితే 10 సెం.మీ. ఎత్తుకు 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన కారు ఎక్కాల్సింది మన వీధిలో ఉన్నదాన్నే కాబట్టి దానికే తగ్గట్టు పెట్టుకోవాలి. పైగా చక్రం గాలిలో ఉన్నప్పుడు స్ప్రింగు వదులై టకటక చప్పుడు. అది వినగానే ఆపి ఉండాల్సింది. రెండు రోజులు అలాగే నడిపాను.

ఖర్చు: కిట్ 52,000, కూలీ 3,500. ఇప్పటిదాకా మొత్తం రూ. 55,500. గంటలు 9.

దశ 2: స్ప్రింగులను తూచడం

కారు ముందు భాగం ఎడమవైపుకి 5 మి.మీ. ఒరిగి ఉంది. రింగులు రెండు వైపులా ఒకే మర దగ్గర ఉన్నాయి, వెర్నియర్‌తో చూశాను. అంటే స్ప్రింగులే ఒకటి కాదు. విప్పి హైడ్రాలిక్ ప్రెస్సున్న షాపుకు తీసుకెళ్లాను, కింద కాటా పెట్టి నొక్కించాను.

ఇది చేసేవాళ్లు మూడు జాగ్రత్తలు తీసుకోండి:
1. స్ప్రింగు మధ్యలోంచి లావుపాటి మర రాడ్డు దూర్చి, రెండు చివరలా వాషరు, నట్టు వదులుగా పెట్టాలి. జారితే ప్రాణం తీసేంత బలం అందులో ఉంటుంది.
2. మొదటి 20 మి.మీ. నలుగుడు వదిలేయాలి. చివరి చుట్లు కూర్చునేదాకా అంకె నిజం కాదు.
3. 20 నుంచి 45 మి.మీ. దాకా, అంటే 25 మి.మీ.కు ఎన్ని కిలోలు పెరిగిందో చూసి భాగించాలి.

ఎడమ స్ప్రింగు 25 మి.మీ.కు 122.5 కిలోలు, అంటే 4.9. కుడిది 135 కిలోలు, అంటే 5.4. రెండింటి మీదా అచ్చు '5' అనే ఉంది. 288 కిలోల కింద ఈ రెండింటి నలుగుడులో తేడా అయిదున్నర మి.మీ. ఒరగడానికి కారణం అదే. కంపెనీ స్ప్రింగు కూడా నొక్కించాను: 2.2. కిట్ వెనక స్ప్రింగులు 5.9, 6.0.

గట్టిదనం ఎంత ఉండాలన్నది నోటిమాటగా తేల్చే విషయం కాదు. స్ప్రింగు మీద ఊగే బరువునూ, చక్రం దగ్గరికి వచ్చేసరికి మిగిలే గట్టిదనాన్నీ కలిపి లెక్కేస్తే కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. టైరు మెత్తదనం వదిలేసి నేను వేసిన లెక్క:

కంపెనీ ముందు: 1.3
కిట్ ముందు (5): 2.0
కిట్ వెనక (6): 2.5

రెండు దాటితే మన రోడ్ల మీద నడుం నిలవదు. ముందు 4, వెనక 4 ఉన్న కొత్త స్ప్రింగులు తెప్పించాను. లెక్క 1.8, 2.0. వెనక అంకె ముందుదానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. గతుకును ముందు చక్రాలు ముందు ఎక్కుతాయి, వెనకవి కొంచెం ఆలస్యంగా. వెనక భాగం కాస్త త్వరగా ఊగితే ముందుదాన్ని అందుకుంటుంది, కారు చదునుగా నిలుస్తుంది. అందుకోలేకపోతే పడవలా ముందుకీ వెనక్కీ తూగుతుంది. కొత్తవీ నొక్కించి చూశాకే బిగించాను: ముందు జత 4.02, 4.08.

మెత్తటి స్ప్రింగు ఎక్కువ నలుగుతుంది: 288కి 72 మి.మీ. అందుకే రింగుతో ముందే 10 మి.మీ. నొక్కి ఉంచాను. మిగిలిన చోటు 130 - 62 - 35, అంటే 33 మి.మీ. పన్నెండు నుంచి ముప్పైమూడుకు వచ్చాం. ఎత్తు పని మొత్తం బ్రాకెట్ మీదే చేశాను, 35 కాదు, 15 మి.మీ. మాత్రమే దించాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనం మార్పుల గురించి ఏం చెబుతుందో ముందు చదువుకోండి. నేను మార్పుల సంగతి బీమా వాళ్లకు రాసి ఇచ్చాను.

ఆ మర్నాడే అలైన్‌మెంట్ చేయించి 900 పారేసుకున్నాను. బరువు సర్దేటప్పుడు ఎత్తులు మళ్లీ మారతాయి, ఎత్తు మారితే టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది. వరస ఇదీ: ఎత్తు, తర్వాత బరువు, ఆ తర్వాత అలైన్‌మెంట్.

తర్వాత ఒక ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద 40 వేగంలో గట్టిగా బ్రేకు తొక్కాను. ముందు-కుడి చక్రం వెంటనే లాక్ అయి, అంటే తిరగడం ఆగిపోయి, నల్ల గీత గీసింది. ఎడమది దాదాపు రెండు మీటర్ల తర్వాత మొదలైంది. బ్రేకులు రెండు వైపులా విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. బరువు తక్కువున్న చక్రమే ముందు లాక్ అవుతుంది, కాబట్టి తేడా బరువులోనే ఉండాలి.

ఖర్చు: స్ప్రింగులు 11,200, ప్రెస్సు 600, అలైన్‌మెంట్ 900. మొత్తం రూ. 68,200. గంటలు 16.

దశ 3: కాటాలు, నేల, అబద్ధపు అంకెలు

మొదట మనుషులు తూచుకునే బాత్రూం కాటాలతో ప్రయత్నించాను, ఒక్కో చక్రానికి చెక్క వేసి కింద రెండు. అదే చక్రం మూడుసార్లు తూచితే 19 కిలోల తేడా వచ్చింది. వాటిని పక్కన పెట్టండి.

500 కిలోల ప్లాట్‌ఫాం కాటాలు రెండు అద్దెకు తెచ్చాను, రోజుకు ఒక్కోటి 400. అవి ముందు చక్రాల కింద, సరిగ్గా అదే ఎత్తున్న ప్లైవుడ్ దిమ్మెలు వెనక చక్రాల కింద. తర్వాత అటూ ఇటూ మార్చడం. నాలుగు కాటాలుంటే పని సగమవుతుంది కానీ రెండింటితో అంకె తప్పేమీ కాదు. దిమ్మెల ఎత్తు మాత్రం మి.మీ. కూడా తేడా రాకూడదు.

డ్రైవరు స్థానంలో 72 కిలోలు కావాలి. 26 కిలోల బియ్యం బస్తాలు రెండు సీట్లో, 20 లీటర్ల నీళ్ల క్యాన్ పెడల్స్ ముందు. సరిగ్గా 72. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చాక దుకాణాల్లో ఈ 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి, నాకు ఇలా కలిసొచ్చింది. ట్యాంకు సగం, టైర్లు నాలుగూ 30 పీఎస్‌ఐ, స్టెప్నీ దాని చోటులో, డిక్కీలో ఇంకేమీ లేదు.

మా ఇంటి పోర్టికోలో వచ్చిన మొదటి అంకెలు:

ముందు-ఎడమ 341, ముందు-కుడి 294
వెనక-ఎడమ 162, వెనక-కుడి 244
మొత్తం 1,041

ధర్మకాంటాలో బస్తాలతో సహా 1,040 చూపించింది. అక్కడ పదేసి కిలోల మెట్టు కాబట్టి మొత్తం సరిపోయినట్టే. పంపకమే సరిగా లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాలుగు కాళ్ల పీట ఒకటి గచ్చు మీద ఊగుతోందనుకోండి. ఒక కాలి కింద అట్టముక్క పెడితే ఆ కాలు బరువెక్కుతుంది, దానికి ఐమూలగా ఉన్న కాలూ బరువెక్కుతుంది. మిగతా రెండూ తేలికవుతాయి. కారు అంతే. ఒక మూల స్ప్రింగు రింగు పైకి తిప్పితే ఆ మూల, దాని ఐమూల బరువెక్కుతాయి. ముందు-కుడి, వెనక-ఎడమ ఒక ఐమూల జత. ఆ జత మొత్తం బరువులో ఎంత శాతమన్నదే మనం సర్దగలిగే ఒకే ఒక్క అంకె. కంపెనీ స్థితిలో అది 514, అంటే 49.4 శాతం. ఇప్పుడు 456, అంటే 43.8. సగానికి రావాలంటే ఆ జత మీదికి 64 కిలోలు తేవాలి, ఒక్కో చక్రానికి 32.

రింగులు తిప్పే సి-స్పానర్ చేతిలోకి తీసుకున్నాను. పక్కింటి పై అంతస్తు కడుతున్న మేస్త్రీ గోడ మీంచి చూస్తున్నాడు. "తమ్మీ, కింద మట్టం చూసినవా? గీ గచ్చుకు నేనే వాటం ఇచ్చిన, నీళ్లు మూలకు పోవాలని," అన్నాడు. తన నీళ్ల గొట్టం మట్టం తెచ్చి నాలుగు చోట్లా పట్టాడు.

ముందు-ఎడమ కంటే ముందు-కుడి 6 మి.మీ. కింద, వెనక-కుడి 16 కింద, వెనక-ఎడమ 21 కింద.

నేల మొత్తం ఒకే వాలుగా ఉంటే అంత నష్టం లేదు. మూడు మూలల లెక్క ప్రకారం వెనక-ఎడమ 10 కింద ఉండాలి, 21 ఉంది. ఆ మూల ఒక్కటే 11 మి.మీ. పల్లంలో ఉంది, పీట కాలి కింద గుంటలాగా. టైల్ ముక్కలు, పల్చటి ప్లై పేర్చి నాలుగూ ఒకే మట్టానికి తెచ్చాం. రసమట్టంతో కాటాల పైభాగం కూడా చూశాం.

ఇంకొకటి. జాకీ దించాక చక్రాలు పక్కకు జరగలేక బిగుసుకుంటాయి, ఎత్తు తప్పు చూపిస్తుంది. ప్రతి టైరు కింద రెండు పాత ఫ్లెక్సీ ముక్కలు, మధ్యలో గ్రీజు పెట్టాను. టైరు అదే జారి తన చోటుకు వస్తుంది.

తూచే పద్ధతి, చివరికి నిలిచింది:
1. కాటాలు ఆన్ చేసి పది నిమిషాలు వదిలేయాలి, సున్నా చూసుకోవాలి.
2. స్టీరింగు నేరుగా, హ్యాండ్ బ్రేకు తీసి, గేరు న్యూట్రల్. చక్రాలకు అటూ ఇటూ ఆపు పెట్టాలి.
3. కారును నాలుగు మూలలా మూడేసిసార్లు నొక్కి వదలాలి.
4. చదివి, మళ్లీ నొక్కి, మళ్లీ చదవాలి. రెండింటి మధ్య 2 కిలోలు దాటితే ఏదో పట్టేసినట్టు.
5. ప్రతిసారీ ఎత్తులు కూడా రాయాలి.

ఖర్చు: కాటాల అద్దె మూడు రోజులకు 2,400, ప్లై 1,450, గ్రీజు, టైల్ ముక్కలు 350. మొత్తం రూ. 72,400. గంటలు 24.

దశ 4: 64 కిలోల వేట

నేల సరిచేయగానే:
ఎడమ 330, కుడి 305. వెనక 173, 233. ఐమూల 478, 45.9 శాతం.

స్పానర్ తగలకుండానే 22 కిలోలు దొరికాయి. ఒక మూల ఒక మి.మీ. మారితే ప్రతి చక్రం మీదా సుమారు ఒక కిలో మారుతోందని ఇక్కడే తెలిసింది, ఈ స్ప్రింగులకు. మిగిలిన తేడా చక్రానికి 21 కిలోలు, అంటే ఎక్కడో 21 మి.మీ. లెక్క తప్పాలి. రింగులు 2 మి.మీ.లోపే సమానంగా ఉన్నాయి. మరి 21 ఎక్కడిది? రింగులు తిప్పి ఈ అంకెను మాయం చేయడం అరగంట పని. అలా చేస్తే తప్పు లోపలే ఉండిపోయి, కారు చూపులకే ఒరిగిపోయేది. కాబట్టి వెతికాను.

మొదట యాంటీ రోల్ బార్, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ. రెండు లింకులూ కంపెనీవే, కారు దిగాక బార్ మెలిపడి ఉంది. ఒక లింకు విప్పగానే బార్ చివర పైకి తన్నుకుంది.
ఎడమ 325, కుడి 310; వెనక 178, 228. 488, 46.9 శాతం.

తూచేటప్పుడు ఒక లింకు ఎప్పుడూ విప్పే ఉండాలి. ఈ సంగతి ముందే చదివాను, అయినా చేయలేదు.

తర్వాత వెనక. నాలుగు గంటలు ఇక్కడే పోయాయి. షాకులు విప్పి చూశాను, బీమ్ వంగిందేమోనని దారం కట్టి చూశాను, ఏమీ లేదు. చివరికి స్ప్రింగు బయటికి తీసి తిరగేస్తే కుడివైపు స్ప్రింగు పైన రబ్బరు సీటు ఉంది, ఎడమవైపు లేదు. పాత స్ప్రింగుతో పాటే ఊడి వచ్చి, పాత సామాన్ల డబ్బాలో దానికి అతుక్కునే ఉంది. మందం 9 మి.మీ. అప్పటికే ఒక పక్క చిట్లింది, కొత్తది తెప్పించి వేశాను.
ఎడమ 315, కుడి 320. వెనక 188, 218. 508, 48.8 శాతం.

9 మి.మీ. రబ్బరుకు 10 కిలోలు మారడానికి కారణం వెనక స్ప్రింగు చక్రం దగ్గర కాకుండా కాస్త లోపలగా ఉండటం. స్ప్రింగు దగ్గర 9 అంటే చక్రం దగ్గర పదిన్నర.

మూడోది బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు. లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక బీమ్ బోల్టులు చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించాం. రబ్బరు ఆ భంగిమలోనే పట్టేస్తుంది, కారు దిగాక మెలితిరిగి స్ప్రింగులా తోస్తుంది. బరువంతా చక్రాల మీద ఉండగా బోల్టులు వదులు చేసి, కారును ఊపి, అక్కడే సర్వీసు మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించాను. వదులు చేస్తున్నప్పుడు ముందు-ఎడమ బోల్టు టక్కుమని శబ్దం చేసి కారు 2 మి.మీ. కదిలింది.
ఎడమ 312, కుడి 323. వెనక 191, 215. 514, 49.4 శాతం.

64లో 58 కిలోలు పోయాయి. ఒక్క రింగు కూడా తిప్పలేదు. వచ్చిన శాతం కంపెనీ కారుదే. దీనికి ఎంత సంతోషించానో చెప్పలేను. విప్పకముందు తూచి రాసుకోకపోతే ఇది తెలిసేదే కాదు.

ఖర్చు: రబ్బరు సీటు 280, పొడవు మార్చుకునే లింకుల జత 3,600. మొత్తం రూ. 76,280. గంటలు 35.

దశ 5: చివరి మూడు కిలోలు

50 శాతానికి చక్రానికి మూడు కిలోలు చాలు. మా కిట్ మర ఒక చుట్టుకు 2 మి.మీ. మూడు మూలల్లో అరచుట్టు చొప్పున పంచాను, ఒకే మూలలో పెడితే ఎత్తు తప్పుతుంది:
ముందు-కుడి పైకి, వెనక-ఎడమ పైకి, ముందు-ఎడమ కిందికి.

ముందు-ఎడమ 309, ముందు-కుడి 326
వెనక-ఎడమ 194, వెనక-కుడి 212
ఐమూల 520, 50.0 శాతం. ఎత్తులు ముందు 360, 362. వెనక 366, 364.

అన్ని పట్టికల్లోనూ ఒకటి గమనించండి. ముందు రెండూ కలిపితే ఎప్పుడూ 635. వెనక 406. ఎడమ 503, కుడి 538. దశ 3 నుంచి ఇక్కడిదాకా అవి కిలో కూడా కదల్లేదు. ముందు 61, వెనక 39 శాతం అన్నది ఇంజను ఎక్కడుందో దాన్ని బట్టి, కుడి బరువు డ్రైవరును బట్టి. రింగులు తిప్పి వాటిని మార్చలేం. మార్చాలంటే బరువున్న వస్తువునే జరపాలి. ఎవరైనా మీకు 'కాయిలోవర్‌తో ముందు బరువు వెనక్కి పంపిస్తా' అంటే నమ్మకండి.

రోల్ బార్ తిరిగి కలపడం: కారు కాటాల మీదే ఉండగా కొత్త లింకు పొడవు మార్చుతూ, బోల్టు వేలితో నెడితే దూరిపోయేలా పెట్టాను. కలిపాక అంకెలు అర కిలోలోపే మారాయి. పాత లింకులతో అయిదు మారేవి.

మొత్తం రూ. 76,280. గంటలు 38.

దశ 6: దారంతో అలైన్‌మెంట్

స్టీలు పైపులు రెండు, నాలుగు స్టాండ్లు, గాలం తీగ. కారుకు రెండు వైపులా తీగలు, రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, చక్రాల మధ్య ఎత్తులో. రిమ్ముకు ముందు అంచు, వెనక అంచు నుంచి తీగకు దూరం. రిమ్ము అంచు నుంచి అంచుకు 380 మి.మీ., కాబట్టి 1 మి.మీ. తేడా 9 నిమిషాల కోణం. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ పావు చుట్టు తిప్పితే దాదాపు 1.2 మి.మీ.

కేంబర్‌కు (చక్రం నిలువు నుంచి ఒరిగిన కోణం) తూగుగుండు. రిమ్ము పైఅంచు లోపలికి 6.6 మి.మీ. ఉంటే ఒక డిగ్రీ. మొదట ఎడమ 2.6, కుడి 8.6 వచ్చింది. నకిల్ బోల్టు రంధ్రాల్లో ఉండే వదులు వల్ల, బిగించేటప్పుడు ఒకవైపు లోపలికి, ఒకవైపు బయటికి పడింది. చక్రాన్ని లోపలికి నెట్టి పట్టుకుని బిగిస్తే రెండూ 8కి వచ్చాయి. టో ముందు ఒక్కో వైపు అర మి.మీ. లోపలికి. వెనక బీమ్‌లో సర్దడానికేమీ లేదు, కొలిచి వదిలేశాను.

తర్వాత బరువు మళ్లీ చూశాను: ఒక కిలో తేడా. వదిలేశాను.

ఖర్చు 640. మొత్తం రూ. 76,920. గంటలు 43.

దశ 7: పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద క్లిక్కులు

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. ఫ్లైఓవర్. ద్విచక్ర వాహనాలుండవు, జాయింట్లు లయగా వస్తుంటాయి. షాకులు పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. తెల్లవారుజామున, మిగతా బండ్లతో పాటే ఒకే వేగంలో.

షాక్ గట్టిదనం మార్చే మరకు 32 క్లిక్కులున్నాయి, మెత్తటి చివర నుంచి లెక్కపెడుతున్నాను. మొదట ముందు 16, వెనక 18. మొదటి కిలోమీటరు బాగుంది, తర్వాత వెనక భాగం ఇటుకలా మారింది. జిప్ టై చూస్తే వెనక షాక్ 33లో 31 మి.మీ. వాడేసింది. గట్టిగా ఉన్న షాక్ నలిగాక తిరిగి సాగడానికి టైము పడుతుంది. అది సాగేలోపే ఇంకో జాయింటు వచ్చి పడుతుంది. ఒక్కో జాయింటుకు కాస్త కాస్త కిందికి దిగుతూ చివరికి రబ్బరు మీద కూర్చుంటుంది. స్ప్రింగు గట్టిగా ఉందనిపిస్తుంది కానీ తప్పు షాక్‌ది.

వెనక 6 క్లిక్కులకు దించాను: జిప్ టై 22 మి.మీ. చూపించింది. ముందు 10 క్లిక్కులు. ఫోను నేలకు టేపుతో అతికించి, మా వీధి 13 సెం.మీ. బ్రేకరును 15 వేగంలో ఎక్కితే ఎగుడు 0.7 జి (జి అంటే భూమి లాగే బలంతో పోల్చే కొలత). మొదటి కిట్ స్ప్రింగులతో 1.1. పాత కంపెనీ షాకులతో అప్పట్లో 0.6 రాసుకున్నాను. ఆ 0.1 నేను ఇష్టంగా ఇచ్చుకున్నదే. ఘాట్ మలుపుల్లో కారు ఒరిగి ఆలోచించడం మానేసింది.

బ్రేకు పరీక్ష మళ్లీ. ఈసారి ఎడమ గీత ముందు మొదలైంది, కుడిదానికంటే రెండు జానల ముందు. 309 మీద ఉన్న చక్రం 326 మీద ఉన్నదానికంటే ముందు లాక్ కావడం సహజమే. రాసిపెట్టుకున్నాను.

పెట్రోలు 1,500. మొత్తం రూ. 78,420. గంటలు 49.

దశ 8: 2,000 కి.మీ. తర్వాత

కాటాలు మళ్లీ తేవడానికి వెళ్లేముందు అదే రోడ్డు మీద బ్రేకు తొక్కి చూశాను. రెండు గీతలూ కలిసి మొదలయ్యాయి. సెట్టింగు బాగా కుదురుకుందనుకున్నాను. కాటా మీద:

ముందు-ఎడమ 314, ముందు-కుడి 321
వెనక-ఎడమ 189, వెనక-కుడి 217
ఐమూల 510, 49.0 శాతం.

ముందు-కుడి ఎత్తు 362 నుంచి 358కి దిగింది. మడ్‌గార్డ్‌లోకి చెయ్యి పెడితే లాక్ రింగు చేతికే తిరిగింది. స్ప్రింగు రింగు రెండున్నర చుట్లు దిగిపోయింది. ఒకే సి-స్పానర్‌తో బిగించాను నేను. రెండు స్పానర్లు ఎదురెదురుగా పట్టి, ఒక రింగును మరోదానికి ఆనించి బిగించాలి. మరలోని మట్టి వైరు బ్రష్‌తో తీశాకే. ఇప్పుడు నాలుగు మూలలా అలాగే చేసి, రెండు రింగుల మీదుగా షాక్ ఒంటిదాకా పసుపు పెయింటుతో ఒక గీత గీశాను. గీత తెగితే వంగి చూడగానే తెలుస్తుంది.

అయితే ఆ వదులు రింగు నాకు ఒకటి చూపించింది. 50 శాతం దగ్గర ఎడమ చక్రం ముందు లాక్ అయ్యింది, 49.0 దగ్గర రెండూ కలిసి. ముందు రెండూ పూర్తిగా సమానం చేయాలంటే 317.5 చొప్పున, అప్పుడు ఐమూల 48.3కి పడిపోతుంది. అంత దూరం పోదలచుకోలేదు. ముందు-కుడి అరచుట్టు పైకి తిప్పి వదిలేశాను:

313, 322
190, 216
ఐమూల 512, 49.2 శాతం. ఎత్తులు ముందు 360, 359.

ఎడమ మలుపుకూ కుడి మలుపుకూ తేడా 50 దగ్గర నాకు తెలియలేదు, ఇక్కడా తెలియడం లేదు. బ్రేకు తేడా మాత్రం రోడ్డు మీద కనిపిస్తోంది. ఏబీఎస్ లేని రోడ్డు కారుకు నేను దాన్నే ఎంచుకుంటాను. కంపెనీ ఇచ్చిన 49.4కి ఇది రెండు కిలోల దూరంలో ఉంది.

అద్దె 800. మొత్తం రూ. 79,220. గంటలు 53.

మిగిలినవి: వానలు మొదలయ్యేలోపు మరలకు గుడ్డ తొడుగులు కుట్టించాలి. 5,000 కి.మీ. దగ్గర పసుపు గీతలు నాలుగూ చూడాలి. ముందు-ఎడమ టాప్ మౌంటు స్టీరింగు తిప్పినప్పుడు కిర్రుమంటోంది, బేరింగు విప్పి చూడాలి.